నాంపల్లికి సముద్రం ఎంత దూరం

హైదరాబాద్‌లోని నాంపల్లిలో వాన కురిస్తే ఆ నీళ్లు నాలాల్లో పడి మూసీలోకి దిగుతాయి. మూసీ తూర్పుగా నల్లగొండ జిల్లా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, బెజవాడ బ్యారేజీ దాటి, పులిగడ్డ దగ్గర రెండు పాయలై, మధ్యలో దివిసీమను దీవిగా నిలబెట్టి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. స్టేషన్ ముందు మోకాలి లోతున నిలిచి ఆటోలను ఆపేసే నీటికి కూడా చివరికి సముద్రమే గతి. మనుషులకు మాత్రం ఆ దారి ఇంత సులువుగా దొరకలేదు. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, రాతి మీద కూచున్న ఊరు మాది. దీనికి తీరం ఎన్నిసార్లు చేతికొచ్చి ఎన్నిసార్లు జారిపోయిందో లెక్క తీస్తే అబిడ్స్, నాంపల్లి చరిత్ర సగం అందులోనే దొరుకుతుంది.

గోలకొండ సుల్తానుల చేతిలో మంచి రేవు ఉండేది. మచిలీపట్నం, మన నోట బందరు. డచ్చివాళ్లు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీలు పెట్టుకున్నారు. అద్దకం బట్టలు ఓడలకెక్కి పెగూకు, అచేకు, పారశీక రేవులకు పోయేవి. 1639లో అబ్దుల్లా కుతుబ్‌షా పరివారంతో బందరు దాకా వెళ్లి వచ్చాడు. రాజ్యం చేతులు మారాక ఆ తీరం అసఫ్‌జాహీ నిజాములకు దక్కింది. దాన్ని వాళ్లు పోగొట్టుకున్న తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల పాలైంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. యుద్ధంలో ఓడి కాదు, ఫ్రెంచి పటాలానికి జీతాలు ఇచ్చుకోలేక! 1759లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ బందరు కోట పట్టుకున్నాడు. 1766 ఒప్పందంతో సర్కారులు కంపెనీకి దఖలు పడ్డాయి. 1788లో గుంటూరూ పోయింది. కంపెనీ ఏటా కడతానన్న పేష్కష్, అంటే కప్పం, ఒక్కటి మిగిలింది. 1823లో 11,66,666 రూపాయలు ఒక్కసారే ఇచ్చి ఆ ఖాతా కూడా మూసేసింది. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం మీద మిగిలిన హక్కుకు కట్టిన వెల అది.

ఫ్రెంచి పటాలాల కథకు ఆనవాలు ఒకటి మా వీధిలోనే ఉంది. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే గన్‌ఫౌండ్రీ వస్తుంది. బుస్సీ తరవాతి తరం ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగులు పోత పోయడానికి పెట్టిన కార్ఖానా అది, పాత పేరు తోప్ కా సాంచా. ఇప్పుడు మొండిగోడలు మిగిలాయి. బ్యాంకు పనికి వచ్చినవాళ్లు ఆ పక్కనే బండ్లు ఆపుకుంటారు, గోడల వైపు తల తిప్పి చూసేవాళ్లు తక్కువ.

తీరం పోయినా ఉప్పు కావాలి కదా. లంబాడీలు ఎద్దుల వీపున పెరికలు వేసి తీరం నుంచి దక్కను లోపలికి ఉప్పు మోసుకొచ్చేవాళ్లు. తిరుగుదారిలో గింజలు, పత్తి. 1802లో నిజాం సర్కారు కంపెనీతో వర్తక ఒప్పందం చేసుకుని బందరు రేవును వాడుకునే హక్కు, అక్కడ ఒక కోఠీ పెట్టుకునే హక్కు రాయించుకుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆపాటికే బందరు వెలుగు తగ్గింది, వ్యాపారం మద్రాసు వైపు తిరిగింది. 1864 నవంబరు తుపానుకు ఉప్పెన వచ్చి పట్నంలో, చుట్టుపక్కల 30 వేల మంది దాకా పోయారంటారు. బందరు ఆ దెబ్బ నుంచి పూర్తిగా తేరుకోలేదు.

ఇక రైలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది, దాంతో బొంబాయి అందింది. 1889లో లైను బెజవాడ చేరింది, దాంతో కోస్తా అందింది. నాంపల్లి స్టేషన్ ఇప్పటి కట్టడం 1907 నాటిది. అబిడ్స్‌కు పేరు తెచ్చిన ఆల్బర్ట్ అబిద్ ఆ రోజుల మనిషే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉంటూ సీమ సరుకుల దుకాణం పెట్టాడు. వాచీలు, బూట్లు, సూట్లు ఓడ దిగి రైలెక్కి ఇక్కడికొచ్చేవి. సముద్రం కంటితో చూడని నవాబుల ఇళ్లకు సముద్రం మీది సరుకు ఆ దుకాణం గుమ్మం మీదుగానే చేరేది.

అడగకుండా వచ్చింది కూడా ఉంది. 1908 సెప్టెంబరులో బంగాళాఖాతం నుంచి లోపలికి వచ్చిన వాయుగుండం మూసీ ఎగువన కుంభవృష్టి కురిపించింది. 28న నది ఊరి మీద పడింది. చచ్చినవాళ్లు 15 వేలు అంటారు. నాంపల్లి మెరక మీద ఉండి బతికింది. అరగంట నడకలో ఉన్న అఫ్జల్‌గంజ్ కొట్టుకుపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు, ఆ చెట్టు ఇంకా ఉంది. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద కట్టడికి పథకం గీయించారు. గండిపేట, హిమాయత్‌సాగర్ అందులోంచి పుట్టినవే. తీరం లేని ఊరు తుపాను దెబ్బ తిని కట్టుకున్న చెరువుల నీళ్లు తాగి మేము పెరిగాం.

రేవు కోరిక చివరిదాకా చావలేదు. 1947లో పోర్చుగీసుల చేతిలో ఉన్న మర్మగోవా రేవు కోసం నిజాం సర్కారు బేరాలు నడిపింది. కుదరలేదు. నాలుగు వైపులా భారత్ భూమే కావడంతో 1948లో ఆయుధాలు గాలిలోంచి దింపుకోవలసి వచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాలు నడిపాడు. సెప్టెంబరు 13న హైదరాబాద్ మీదికి భారత సైన్యం కదిలింది, 17న అంతా అయిపోయింది. ఆ కరాచీ పేరు అబిడ్స్ పక్కన ఇప్పుడు బిస్కెట్ల డబ్బా మీద ఉంది. దేశ విభజనకు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన బేకరీ అది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మాకు సముద్రం వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా దాదాపు 970 కిలోమీటర్ల తీరానికి చట్టాలు చేసే సభ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన కూచుంది. ఆరో నిజాం కాలంలో టౌన్‌హాలుగా మొదలై 1913లో పూర్తయిన తెల్ల భవనమది. వలల మీద పన్ను, రేవు పనులు, కొల్లేటి చెరువులు, లంక భూముల కౌళ్లు, అన్నిటికీ కాగితం ఇక్కడికి రావలసిందే. ఎంజే రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల మెట్ల మీద పంచెకట్టు రైతులు సంచీ ఒళ్లో పెట్టుకుని సంతకం కోసం కూచునేవాళ్లు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయినప్పుడు, ఆ లెక్కలూ సాయం ఉత్తర్వులూ ఈ వీధుల్లోనే కదిలాయి.

కోస్తాతో ఈ కాపురం సుఖంగా సాగలేదు. కలవక ముందే, 1952లోనే, ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న ముల్కీ గొడవ మొదలైంది. 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పుల్లో పోయిన పిల్లల గుర్తుగా ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్థూపం అసెంబ్లీ ఎదుటే, గన్‌పార్కులో ఉంది. కోస్తా నుంచి ఫైళ్లతోపాటు ఉద్యోగులూ వచ్చారు, కుర్చీలూ వాళ్లకే పోయాయన్న కడుపుమంట మా ఇళ్లలో రోజువారీ మాట. ఆ మాటలో నిజం ఉంది. ఆ ఉద్యోగుల పిల్లలతో కలిసి మేము ఒకే బెంచీ మీద కూచున్నదీ, సంక్రాంతికి వాళ్లు ఊరెళ్లొచ్చి పెట్టిన పూతరేకులు తిన్నదీ నిజమే.

వాళ్లను తెచ్చిందీ తీసుకెళ్లిందీ నాంపల్లి స్టేషనే. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు, హైదరాబాద్ మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది. కోస్తా భూగోళం నేను పుస్తకంలో కంటే ఆ దారిలో రైలు కిటికీలో బాగా చదివాను. మధిర దాటి, కొండపల్లి గుట్టలు పక్కకు తప్పుకున్నాక నేల ఒక్కసారి చదునవుతుంది. బెజవాడకు వచ్చేసరికి బండి ఐదు వందల మీటర్ల దాకా కిందికి దిగి ఉంటుంది. ఏలూరు దగ్గర కుడివైపు, కృష్ణ ఒండ్రుకూ గోదావరి ఒండ్రుకూ మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. రాజమండ్రి వంతెన దాటితే, కాస్త దిగువన ధవళేశ్వరం. అక్కడ గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలి మధ్యన కోనసీమను పట్టుకుంటుంది. తుని దాటాక తూర్పు కనుమలు దగ్గరికి జరుగుతాయి, మైదానం సన్నబడుతుంది. విశాఖలో కొండే సముద్రంలోకి వంగుతుంది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంకో రకం తీరం. సూళ్లూరుపేట స్టేషన్‌కు తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల సముద్రానికి అడ్డుగోడలా ఇసుక దీవి శ్రీహరికోట.

గోదావరి బండి పొద్దున వచ్చే వేళకు స్టేషన్ బయట నిలబడితే ఏ ఊరివాళ్లో సామాన్లే చెబుతాయి. పీచు తీయని కొబ్బరికాయల గోతం కోనసీమది. గుడ్డ కట్టి తాడు బిగించిన ఆవకాయ జాడీ ఎక్కడిదైనా కావచ్చు. శ్రావణంలో ఐసు కారుతున్న థర్మోకోల్ పెట్టె కనబడితే లోపల పులస ఉన్నట్టే. సముద్రం నుంచి ఏటికి ఎదురీదిన చేప అంత దూరం వచ్చి మాసబ్‌ట్యాంక్ ఫ్లాట్లో పులుసవుతుంది. ఎర్రచొక్కా కూలీ ఆ పెట్టెను భుజానికెత్తుకోడు, చేత్తో ఎడంగా పట్టుకుంటాడు. “నీళ్లు కారుతున్నయ్ సార్, ఇంకో ఇరవై ఇయ్యాలె” అంటాడు.

2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమై తీరం మళ్లీ పోయింది. ఈసారి జీతాల కోసం కాదు, మేము కోరుకుని వదులుకున్నాం. అందుకు నాకు విచారం లేదు. అయినా ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఉమ్మడి రాష్ట్రం అట్లాసు ఇంకా దొరుకుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కుడి అంచంతా నీలం రంగు. కొత్త తెలంగాణ పటానికి ఆ రంగు అంచు లేదు.

రేవు బేరం మాత్రం ఆగలేదు. బందరులో కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా గ్రీన్‌ఫీల్డ్ రహదారి కావాలని, ఇక్కడ డ్రైపోర్టు కడతామని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడుగుతోంది. ఆ రోడ్డు ఎప్పటికి పడుతుందో గానీ, ప్రస్తుతానికి నాంపల్లి నుంచి బందరుకు నేరు బండి లేదు. సికింద్రాబాద్ వెళ్లి, బీదర్ నుంచి వచ్చే బండి పట్టుకోవాలి.