జీవశాస్త్ర ఉపాధ్యాయ శిక్షణ: మేడ్చల్–శామీర్‌పేట నేపథ్యం

ఉన్నత పాఠశాలలో 8 నుంచి 10వ తరగతి వరకు జీవశాస్త్రం చెప్పేవారిని తెలంగాణ విద్యాశాఖ ‘స్కూల్ అసిస్టెంట్ (బయాలజికల్ సైన్స్)’ అంటుంది. స్టాఫ్‌రూమ్‌లో, కోచింగ్ సెంటర్లలో మాత్రం అది ‘ఎస్ఏ బయో’. ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు), ఆపై బీఈడీ, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) అన్నది ఈ ఉద్యోగానికి మామూలు దారి. ఈ మెట్లన్నీ ఒకేసారి కట్టినవి కావు. ఒక్కో కాలం ఒక్కో మెట్టు చేర్చుకుంటూ వచ్చింది.

ఆరంభం

దక్షిణాదిలో 1856లో మద్రాసులో ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ మొదలైంది. అప్పుడు నార్మల్ స్కూల్‌గా వెలిసిన సంస్థే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎల్.టి. (లైసెన్షియేట్ ఇన్ టీచింగ్) శిక్షణ పొందింది అక్కడే. తెలుగు నేల మీద 1894లో రాజమండ్రిలో ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీ ఏర్పడింది. మేడ్చల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్ష, జంతు శాస్త్రాలను కూడా ఉర్దూలోనే బోధించేవారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ సైన్సు, బీఈడీ పుస్తకాలు తెలుగులో విరివిగా దొరకసాగాయి.

సైన్సును, బోధనను కలిపి నేర్పాలన్న ఆలోచనతో 1963లో మైసూరులో ప్రాంతీయ విద్యా కళాశాల పెట్టారు. నాలుగేళ్ల బీఎస్సీ ఎడ్ కోసం తెలుగు విద్యార్థులు తరతరాలుగా అక్కడికి వెళ్తున్నారు. మిగిలినవారికి అప్పట్లో డిగ్రీ తర్వాత ఏడాది బీఈడీయే దిక్కుగా ఉండేది.

బీఈడీలో ఏం నేర్పుతారు

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి 1993 చట్టంతో చట్టబద్ధత వచ్చింది. జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక తర్వాత మండలి 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. దాంతో 2015-16 నుంచి బీఈడీ రెండేళ్లయింది, కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరైంది. మొదట సూక్ష్మబోధన ఉంటుంది. తోటి ఛాత్రోపాధ్యాయులనే పిల్లలుగా కూర్చోబెట్టి, ప్రశ్నించడమో ఉదాహరణలివ్వడమో ఏదో ఒక్క నైపుణ్యాన్ని కొద్ది నిమిషాలు సాధన చేస్తారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి ఇది. తర్వాత పీరియడ్ పథకాలు చేతపట్టుకుని బడికి వెళ్తారు.

జీవశాస్త్రం వారికి అసలు పరీక్ష అక్కడే.

2014లో వచ్చిన పదో తరగతి పుస్తకంలోని ప్రసరణ పాఠంలో మేక లేదా గొర్రె గుండెను కోసి చూసే కృత్యం ఉంది. మాంసం కొట్టు నుంచి తెచ్చిన గుండెను శుభ్రంగా కడగాలి. తెగిన రక్తనాళాల్లోకి సోడా స్ట్రాలు దూర్చి, ఏ నాళం ఏ గదిలోకి తెరుచుకుంటుందో చూపించాలి. ఆ తర్వాతే బ్లేడు పెట్టాలి. ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకన్నా మందంగా ఉండటం పిల్లలు వేలితో నొక్కి తెలుసుకోవచ్చు. ఒళ్లంతటికీ రక్తం తోసేది ఎడమదే కాబట్టి ఆ మందం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు జువాలజీ ల్యాబులో కప్పను కోయడం మామూలు. డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువుల కోతలకు స్వస్తి చెప్పాలని 2014లో యూజీసీ నిర్దేశించింది. ఇప్పుడు బీజడ్‌సీ చదివి వచ్చే ఛాత్రోపాధ్యాయుడికి ఈ మేక గుండెతోనే చేయి తిరగాలి.

చుట్టూ ఉన్న పాఠాలు

శామీర్‌పేట మండలం తుర్కపల్లి పరిసరాల్లోని జీనోమ్ వ్యాలీ 1999లో రూపుదిద్దుకుంది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా ఇక్కడి భారత్ బయోటెక్‌దే. రోగనిరోధకత పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు. క్షేత్ర పర్యటనకు శామీర్‌పేట చెరువు, జింకల పార్కు ఉన్నాయి. పదో తరగతిలోని ‘మన పర్యావరణం’ పాఠం ఘట్‌కేసర్ దగ్గరి ఏదులాబాద్ చెరువును ప్రస్తావిస్తుంది. మూసీ నీటితో ఆ చెరువులోకి వచ్చిన భార లోహాలు చేపల ఒంట్లో పేరుకుపోవడంపై జరిగిన అధ్యయనాన్ని అందులో వివరించారు. ఆ ఊరు ఇప్పుడు ఇదే జిల్లాలో ఉంది.

నియామకం

విద్యాహక్కు చట్టం వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తొలి టెట్ జరిగింది. ఎస్ఏ బయో అభ్యర్థి రాసే రెండో పేపర్ 150 మార్కులకు ఉంటుంది. అందులో గణితం, సైన్సులకు కలిపి 60. లెక్కలు వదిలేసి ఏళ్లయిన బైపీసీ వాళ్లకు గుండె దడ పుట్టించేది ఆ గణితమే. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది.

డీఎస్సీ పోస్టులు జిల్లాలవారీగా ఉంటాయి కాబట్టి సరిహద్దు మారితే లెక్కలూ మారతాయి. మేడ్చల్ 1978 దాకా హైదరాబాద్ జిల్లాలో, ఆ తర్వాత రంగారెడ్డిలో ఉండేది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2024 డీఎస్సీలో రాష్ట్రమంతటా 11,062 పోస్టులు ప్రకటించారు. వాటిలో స్కూల్ అసిస్టెంట్లవి 2,629. 95 శాతం పోస్టులు స్థానికులకే. 1 నుంచి 7వ తరగతి వరకు చదివిన చోటే స్థానికతకు కొలమానం కావడంతో, నగర శివారుకు తర్వాత వలస వచ్చినవారు స్థానిక పోస్టుల కోసం తాము చదివిన జిల్లాలోనే పోటీ పడాలి.

ప్రస్తుత స్థితి

జాతీయ విద్యా విధానం 2020 మళ్లీ నాలుగేళ్ల సమీకృత కోర్సు వైపు మొగ్గింది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అలాంటి కోర్సు మొదలైంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఇప్పటికే బడుల్లో పాఠాలు చెబుతున్నవారికీ టెట్ తప్పనిసరైంది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో అర్హత సాధించాలి. అంతకంటే తక్కువ మిగిలినవారు టెట్ లేకుండానే పదవీ విరమణ దాకా కొనసాగవచ్చు గానీ, పదోన్నతి కావాలంటే వారికీ టెట్ ఉండాల్సిందే.