చెయ్యెత్తితే బండి ఆగాలి: మన్యం రోడ్డు మీద గుర్రం కథ

లంబసింగి మంచు చూద్దామని చీకటితోనే బండి తీస్తారు కదా. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే మంచులోంచి ఓ గుర్రం ఎదురొచ్చింది అనుకోండి. వీపు మీద బస్తాలు, పక్కనే నడుస్తూ ఒక మనిషి. మీ చెయ్యి ఎక్కడికి పోతుంది? హారన్ మీదికే!

ఒక్క నిమిషం ఆగండి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసింది ఎవరు? అప్పటి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో ఆ పని చేయించాడు. సరైన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంటే జనాన్ని అల్లూరి సీతారామరాజు వెనక నడిపించిన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. మనం హాయిగా వెళ్లే దారి వెనక అంత కథ ఉంది.

రోడ్డు వేసినవాళ్ల గూడేలన్నిటికీ మాత్రం రోడ్డు రాలేదు. అందుకే జి.మాడుగుల, పాడేరు వైపు కొండల్లో గుర్రమే లారీ. రేషన్ బియ్యం పైకి, కాఫీ, మిరియాలు కిందికి, సంత సరుకు ఇంటికి. ఎన్నికలప్పుడు పోలింగ్ సామగ్రిని కూడా గుర్రాలే మోశాయి. కాలిబాట దిగాక కాస్త దూరమైనా అవి మన తారు రోడ్డు మీద నడవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. బ్రిటన్‌లో 1896లో, మోటారు బండ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లోనే, బెదిరిన గుర్రం పట్టుకున్న మనిషి చెయ్యెత్తితే బండి ఆపాలని రూల్ పెట్టారు. అలాంటి మాటే మన 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 132లోనూ ఉంది. జంతువు బెదిరి అదుపు తప్పుతుందనిపించి, దాన్ని తోలే మనిషి ఆగమంటే డ్రైవర్ ఆగాలి. గుర్రం, గాడిద, పశువులు, మేక, గొర్రె అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అంటే ఆ గిరిజన అన్న చెయ్యెత్తితే, అది బతిమాలడం కాదు. హక్కు.

మరి ఏం చెయ్యాలి? గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా వెనక ఉన్నది దానికి కనపడదు. కనపడని చోటునుంచి పెద్ద చప్పుడొస్తే ఉలిక్కిపడి తన్నుతుంది, లేదా పరుగెడుతుంది. ఘాట్‌లో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఇక పరుగెక్కడికి?

కాబట్టి మలుపుకి ముందే హారన్ కొట్టండి, గుర్రం కనపడ్డాక మాత్రం వద్దు. హైబీమ్ తగ్గించండి. ఇంజన్ రెయిజ్ చెయ్యకండి. బ్రిటన్ రూల్ ప్రకారం గంటకు 16 కిలోమీటర్లు దాటకుండా, కనీసం 2 మీటర్లు ఎడంగా వెళ్లాలి. మన ఘాట్‌లో అంత చోటు లేకపోతే? వెనకే నెమ్మదిగా వెళ్లండి, వెడల్పు చోటు వచ్చేదాకా.

రెండు నిమిషాలు లేటయితే మంచు ఎక్కడికీ పోదు. ఆ బస్తా జారి లోయలో పడితే ఒక ఇంటి నెల తిండి పోతుంది.