భావనాఋషి గాథ – నేతగాండ్ర సంఘబలము

షోలాపురమందలి జోడ్‌భావి పేట్ నేతగాండ్ర వాడ. తెలంగాణమునుండి పద్మశాలీలు పెక్కుమంది ఈ పట్టణమునకు వలసవచ్చిరి. 1877లో ఇచ్చట నూలుమిల్లు వెలసెను. 20వ శతాబ్దిలో చేతిమగ్గముల స్థానమును మరమగ్గములు ఆక్రమించెను. ఇన్ని మార్పులలోను వారిని ఒక్కటిగా నిలిపిన సాధనములలో భావనాఋషి గాథ యొకటి.

మార్కండేయుని యజ్ఞాగ్నియందు జనించిన ఈ ఋషి తామరనారతో దేవతలకు వస్త్రములు నేసెనని ఐతిహ్యము. తెలంగాణమున కూనపులివారు పటముపై బొమ్మలు చూపుచు ఈ గాథను పద్మశాలీలకు వినిపించుచు వచ్చిరి. చేర్యాల చిత్రకారులు అట్టి పటములను వ్రాసిరి.

ఋషి సంతతినుండియే నూటొక్క గోత్రములు కలిగెనను మాటకు లౌకిక ప్రయోజనమును కలదు. పొరుగూరు చేరిన నేతగానికి గోత్రనామమే చుట్టరికము. చుట్టరికమే పని నేర్చుకొను చోటునకు దారి. మరియు గాథలోని తొలివస్త్రము ప్రత్తినూలుది కాదు. కావున గౌరవము నేతపనికే గాని నూలునకు, మగ్గమునకు గాదు. పనిముట్టు మారినను కులవృత్తి చెడలేదను ధైర్యమును గాథ ఇట్లు కల్పించెను.

అయినను అందు నేయువాడు పురుషుడే. కండెలు చుట్టిన స్త్రీకి, షోలాపురమున బీడీలు చుట్టి సంసారమును నిలుపు స్త్రీకి అందు చోటు స్వల్పము. శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవమున వారి శ్రమగాథయు వినవచ్చిననాడే ఆ కథ సంఘమంతటిదగును.