అద్దె గదికి బీరువా: ముందు చూడాల్సింది లోతు

మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వెళ్లిన కుటుంబాలెన్నో. నవాగామ్ వంటి చోట్ల చిన్న అద్దె గదిలో సర్దుకునేవారు బీరువా కొనేముందు దాని లోతు చూడాలి. హ్యాంగర్లకు 22 నుంచి 24 అంగుళాలు కావాలి. మడతపెట్టిన చీరలకు 16 చాలు. 3 అడుగుల వెడల్పున్న రెండు తలుపుల బీరువా తెరవాలంటే ముందు మరో అడుగున్నర ఖాళీ ఉండాలి. పక్కకు జరిపే తలుపులతో ఆ చోటు మిగులుతుంది, అయితే ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. పార్టికల్ బోర్డు వానాకాలం చెమ్మకు ఉబ్బుతుంది, విప్పి బిగించిన ప్రతిసారీ స్క్రూల పట్టు సడలుతుంది. తరచూ ఇల్లు మారేవారికి నట్లు, బోల్టులు విప్పి తీసుకెళ్లగల, లోతు తక్కువ ఇనుప బీరువాయే మేలు. కొనేముందు గదితో పాటు మెట్లు, గుమ్మం వెడల్పూ కొలవాలి.