బాలికల చదువుకు దాతల సాయం (మదనపల్లె, పుంగనూరు, కుప్పం)

చిత్తూరు సీమ పడమటి మెట్టలో ఆడపిల్లల చదువు ఖర్చును దాతలు భరించే పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ 1863లో మదనపల్లెలో అడుగుపెట్టింది. ఆ చర్చికి 1875లో ఏర్పడిన మహిళా బోర్డు, అమెరికా స్త్రీల చందాలు పోగుచేసి మిషన్ బాలికల బడులకు పంపేది. మతప్రచారం మిషన్ ఉద్దేశాల్లో ఒకటి. అయినా అక్షరం అక్షరమే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక 6–14 ఏళ్లవారికి సర్కారు బడిలో ఫీజు లేదు. అసలు చిక్కు పదో తరగతి తర్వాతే. పల్లె నుంచి టౌనులోని జూనియర్ కాలేజీకి వెళ్తే పుస్తకాలు, పరీక్ష ఫీజు, హాస్టలు ఖర్చులు మీద పడతాయి. టమాటా కోతల రోజుల్లో ఇంట్లో మరో జత చేతులు కావాలి. కుప్పం వైపు తల్లిదండ్రులు కూలికి బెంగళూరు రైలెక్కితే తమ్ముళ్ల బాధ్యత అక్కదే. పెళ్లి మాటలూ అప్పుడే మొదలవుతాయి.

ఈ ఖర్చుల కోసం సాధారణంగా దాత ఏడాదికింత అని ఒక స్వచ్ఛంద సంస్థకు ఇస్తాడు. సంస్థ ఫీజు కట్టి, మార్కుల జాబితా పంపుతుంది. పిల్ల ఫొటో, కృతజ్ఞతల ఉత్తరం అడగడం మాత్రం మానాల్సిన అలవాటు. విదేశీ విరాళం పుచ్చుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేదా ముందస్తు అనుమతి తప్పనిసరి. ఒక్క ఏడాదికి ఇచ్చి ఆపేసే సాయం కన్నా, ఇంటర్ రెండేళ్లూ ఇస్తామన్న చిన్న మొత్తమే మేలు.