గట్టు తేలాకే సంబంధం

భద్రాచలం ఏజెన్సీలో కోయవాళ్ల ఇంటికి పిల్లనడగడానికి వెళ్తే, పెద్దలు ముందు తేల్చుకునేది గట్టు. మూడో గట్టు, నాలుగో గట్టు... అలా ఏడు దాకా. ఒకే గట్టువాళ్లంతా అన్నదమ్ముల వరస. ఊళ్లు దూరమైనా, ఇంటిపేర్లు వేరైనా వాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు కుదరవు.

మధ్య ఆసియాలో కజక్‌లదీ ఇదే పట్టింపు. తండ్రి వైపు ఏడు తరాల పేర్లు పిల్లాడికి నోటికి రావాలి. ఆ ఏడు తరాల లోపు పెళ్లి నిషిద్ధం. వంశావళిని వాళ్లు షెజిరే అంటారు. అయితే అక్కడ ఎవరి వంశం వాళ్లే కంఠస్థం చేస్తారు. కోయలు ఆ బరువును వంశకథలు పాడే డోలీల మీద పెట్టారు.

డోలీలూ కోయల్లోని వాళ్లే. వేల్పుల కొలుపులకు, పెళ్లిళ్లకు, చావులకు వాళ్లు రావాల్సిందే. కొలుపునాడు పడిగె బయటికి తీస్తారు. పొడవాటి త్రికోణపు గుడ్డ మీద మనుషులు, జంతువుల బొమ్మలు కుట్టి ఉంటాయి. కొత్తవాళ్లకు అది రంగురంగుల జెండాలాగే కనబడుతుంది. డోలు మోగి కథ మొదలైతే గానీ ఏ బొమ్మ ఎవరిదో, ఆ వేల్పు ఎటు నుంచి ఎటు నడిచిందో తెలియదు. గుడ్డను మ్యూజియంలో భద్రపరచవచ్చు, కానీ కథకుడు లేకపోతే అది మూగదే.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి కథకుడు. (శబరి గోదావరిలో కలిసే కూనవరం వేరు.) కోయలోనూ తెలుగులోనూ వంశకథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన నోట విన్నవాళ్లకు అది కాకతీయులతో యుద్ధగాథ ఒక్కటే కాదని, ఎవరి కూతురు ఎవరింటి కోడలైందో చెప్పే చుట్టరికాల చిట్టా అని తెలిసేది. ఆ చుట్టరికాలు రెండేళ్లకోసారి మేడారం జాతరలో కళ్లముందే నడుస్తాయి. సమ్మక్క భర్త పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి పెనక వంశీయులు తెస్తారు, కూతురు సారలమ్మను కన్నెపల్లి నుంచి కాక వంశీయులు తెస్తారు. లక్షల జనంలో ఆ ఇంటిపేర్లను పట్టించుకునేవాళ్లు ఎందరో!

ప్రభుత్వం గీసిన సరిహద్దులు మాత్రం ఇక్కడ నిలకడగా లేవు. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం కోసం ఏడు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో మిగిలినదాంట్లోంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. ఒకే గట్టువాళ్లు ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో ఉన్నారు. కులధ్రువీకరణ పత్రంలో కోయ అని ఉంటుంది, గట్టు ఉండదు. సరిహద్దు దాటి సంబంధం కలుపుకోవాలంటే అడగాల్సింది ఇప్పటికీ ఊరి పెద్దల్నీ డోలీనీ.