నకలు నిలిపిన చరిత్ర

నల్లపాడు, ఫిరంగిపురం, కొండవీడు చుట్టుపక్కల పల్లెల పూర్వచరిత్ర వెతికేవారికి గ్రామ కైఫీయత్తులు పెద్ద ఆధారం. ఊరు ఎప్పుడు వెలిసింది, ఏ ప్రభువు ఎవరికి మాన్యం ఇచ్చాడు, కరణీకం ఏ ఇంటివారిది అన్న సంగతులు వాటిలో ఉంటాయి. వాటికి మూలం చాలావరకు ఊరి లెక్కలు రాసే కరణాల ఇళ్లలోని తాటాకు కవిలెలు అనే దస్త్రాలు. ఒక్క ఇంట్లో ఉన్న ఒక్క కట్టకు చెదలు, నిప్పు, వాన, వారసుల తగాదా, ఏది వచ్చినా ముప్పే. గుంటూరు సీమలో పాతకాలపు సమాచారం మిగిలింది గట్టిగా దాచినందువల్ల కాదు, మరో చోట నకలు పడినందువల్ల. కంప్యూటరులో ఫైళ్లు పోగొట్టుకుంటున్న నేటి తరానికి ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది.

ఆ నకళ్ల వెనక కల్నల్ కాలిన్ మెకంజీ ఉన్నాడు. ఆయన 1783లో మద్రాసు వచ్చి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయన దగ్గర పనిచేశారు. వారూ, వారివంటి గుమాస్తాలూ ఊళ్లు తిరిగి, కవిలెలు చదివించి, శాసనాలకు ప్రతులు తీసి కాగితం మీదికి ఎక్కించారు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ సంపుటాల్లో కొంత భాగం మద్రాసు చేరింది. అక్కడా కాగితం శిథిలమవసాగింది. అప్పుడు సి.పి. బ్రౌన్ పూనుకుని తెలుగు సంపుటాలను తిరిగి రాయించి బైండు చేయించాడు. ఒకసారి నకలు తీసి బీరువాలో పడేసి ఉంటే ఆ నకలూ పోయేది. ఎవరో ఒకరు తెరిచి చూసి, పాడవుతోందని గుర్తించి, మళ్లీ రాయించారు కాబట్టే తరువాతి కాలంలో మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి చరిత్రకారులు కొండవీటి రెడ్ల చరిత్ర రాసేటప్పుడు వాటిని వాడుకోగలిగారు.

ఇన్ని నకళ్లు ఎందుకు, చెడిపోని వస్తువు మీద రాస్తే చాలదా అనేవారు ఉంటారు. దానికి అమరావతి జవాబు చెబుతుంది. అక్కడి స్తూపపు శిల్పాలు సున్నపురాతివి, శతాబ్దాలు మట్టి కింద నిలిచాయి. 1796 ప్రాంతంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించేటప్పుడు ఆ స్తూపం ఉన్న దీపాలదిన్నె తవ్వి రాళ్లు తీశారు. కొన్ని చెరువు మెట్లకు, గోడలకు పోయాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1816 నుంచి మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు ఉన్నాయి కనుకనే కొన్ని శిల్పాల రూపమైనా నేటికి తెలుస్తోంది. ఆ రాళ్లు మాత్రం లేవు. మట్టి కింద పడి ఉన్నంతకాలం స్తూపం పోలేదు, దాని మీద కొత్త పని మొదలైనప్పుడే పోయింది.

హార్డ్ డిస్కులోనూ జరిగేది ఇదే. ఫైలు డిలీట్ చేసినప్పుడు సాధారణంగా చెరిగేది దాని పేరు, చోటు చెప్పే పట్టిక నమోదు మాత్రమే. సమాచారం అక్కడే ఉంటుంది. ఆ చోటు ఖాళీ అనుకుని కంప్యూటరు కొత్త ఫైలు రాసినప్పుడు పాతది శాశ్వతంగా పోతుంది. అందుకే పొరపాటు తెలిసిన వెంటనే ఆ డిస్కు వాడకం ఆపాలి. రికవరీ ప్రోగ్రాం కూడా అందులో ఎక్కించకూడదు, దొరికిన ఫైళ్లను వేరే డిస్కులోనే దించుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో ఈ ఆశ ఇంకా తక్కువ, ఖాళీ అయిన చోటును అది సాధారణంగా తనంతట తానే తుడిచేస్తుంది. తవ్వి తీయడం మీద ఆధారపడేవారు అదృష్టం మీద ఆధారపడుతున్నట్టే.

నకళ్లలో తప్పులు దొర్లుతాయి, కైఫీయత్తుల్లో కట్టుకథలు కలిశాయి అన్న అభ్యంతరం నిజమే. అయితే తప్పును పట్టడానికి కూడా రెండో ప్రతే కావాలి. కైఫీయత్తును శాసనంతో పోల్చి చూసే కదా ఏది కథో ఏది చరిత్రో తేల్చారు. ఒకే ప్రతి ఉంటే దానిలోని తప్పే సత్యంగా చలామణీ అవుతుంది. ఇంకో అభ్యంతరం మరీ బరువైనది: ఆ నకళ్లు పరాయి పాలకుల చేతికి, దూరపు నగరాలకు పోయాయి, ఊరికి తన చరిత్ర అందలేదు. ఇదీ కాదనలేం. క్లౌడ్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండేవారు దీన్నే గుర్తుంచుకోవాలి. ఖాతా మూతపడితే, పాస్‌వర్డ్ పోతే మన దస్త్రం మనకే దక్కదు. నకలు దూరాన ఒకటి ఉండాలి, మన చేతిలోనూ ఒకటి ఉండాలి.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకం రద్దయింది. 1998 నుంచి రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో దస్తావేజుల నకళ్లు చేతిరాత పుస్తకాలు వదిలి కంప్యూటర్లలోకి ఎక్కాయి. ఇప్పుడు మిర్చి యార్డు కమిషన్ వ్యాపారి పద్దులు, కోల్డ్ స్టోరేజీ నిల్వల లెక్కలు, ఇంటి ఫొటోలు అన్నీ ఫైళ్లే. ఒకనాటి కరణం బాధ్యత ఇవాళ ప్రతి ఇంటి మీదా పడింది. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులుంచండి, రెండు రకాల సాధనాల్లో పెట్టండి, ఒకటి వేరే ఊళ్లో ఉండనివ్వండి. కొన్ని నెలలకొకసారి ఆ నకలును తెరిచి చదవండి. తెరుచుకోని నకలు నకలు కాదు.